పొట్ట పెరిగితే కొవ్వేనని సరిపెట్టుకోకండి!

ఉయ్యూరు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. సంగతి క్లుప్తంగా ఇదీ. ఆమె భర్తకు 46 ఏళ్లు. మూడేళ్ల కిందట ఆయనకు ‘24 గంటల నొప్పి’ వస్తే ఒక నర్సింగ్ హోములో అపెండిక్స్ ఆపరేషను చేయించారు. వారంలో ఇంటికొచ్చారు, నెల తిరక్కుండా పనిలో పడ్డారు. అయితే ఏడాదిగా ఆయన పొట్ట పెరుగుతోంది. కాళ్లూ చేతులూ సన్నబడుతున్నాయి, పాంటు మాత్రం నడుము దగ్గర పట్టడం లేదు. వయసొచ్చింది, కొవ్వు పట్టిందన్నారు చూసినవాళ్లు. పొద్దున్నే నడవమన్నారు. నడిచారు, తగ్గలేదు. స్కానింగు తీస్తే పొట్టలో నీరుందన్నారు. జలోదరమేమోనని, తాగుడు అలవాటుందా అని అడిగారట. ఆయన సోడా తప్ప ఇంకేదీ ముట్టని మనిషి! సూది గుచ్చి నీరు తీయబోతే చుక్క రాలేదు. చివరికి సి.టి. స్కాను తీసి, అపెండిక్సులో పుట్టిన కంతి చిట్లి, పొట్ట లోపలి పొరంతా జిగురు పరుచుకుందని తేల్చారు.

‘‘ఇప్పుడు ఇంట్లో తలో మాటా అంటున్నారండీ. కత్తి తగిలితే కేన్సరు పాకుతుంది, కొయ్యనివ్వకు అంటారు మా బావగారు. ఉన్న అరెకరం అమ్మైనా సరే రేపే ఆపరేషను చేయించమంటాడు మా తమ్ముడు. నా వంటే ఆయన్ని ఇలా చేసిందంటారు మా అత్తగారు. పిల్లలిద్దరూ ఇంకా చదువుకుంటున్నారు. ఇంతకీ ఇది కేన్సరేనా? మనిషి దక్కుతాడా?’’ అని అడిగారు.

చూడమ్మా, వంట మాట ముందు తేల్చేద్దాం. ఉప్పు, కారం, నూనె, మాంసం - వీటిలో ఏదీ ఈ జబ్బు తెచ్చిందని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. తండ్రికి వచ్చింది కనుక పిల్లలకు వస్తుందన్న భయమూ సాధారణంగా అక్కర్లేదు. ఈ ముక్క మీ అత్తగారికి చదివి వినిపించండి. మిగతా ప్రశ్నలకు జవాబు ఒక్క మాటలో చెప్పేది కాదు. పొట్టలో ఏం జరిగిందో తెలిస్తే తప్ప, ఏం చేయించాలో, ఏం చేయించకూడదో బోధపడదు.

వేలెడంత గొట్టం

కుడివైపు పొత్తికడుపులో, చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోటుకు కాస్త కింద, వేలెడంత గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. అదే అపెండిక్స్. ఒక చివర పెద్దపేగులోకి తెరుచుకుని, రెండో చివర మూసుకుని ఉంటుంది. దాని లోపలి గోడలో ఉండే కణాలు కొద్దికొద్దిగా జిగురు తయారు చేస్తాయి. ఆ జిగురు మామూలుగా పెద్దపేగులోకి జారిపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు.

ఎప్పుడో ఒకరికి ఆ జిగురు కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. గొట్టం నోరు మూసుకుపోతుంది. లోపల జిగురు చేరిచేరి అపెండిక్స్ బూరలా ఉబ్బుతుంది. ఒకరోజు చిట్లుతుంది. కొందరికి అప్పుడు విపరీతమైన నొప్పి వస్తుంది. అచ్చం 24 గంటల నొప్పే అనుకుని ఆపరేషను చేస్తారు. కొందరికి నొప్పే ఉండదు. బీట పడిన చోటు నుంచి జిగురు, దానితోపాటు ఆ కణాలు కొన్ని, పొట్టలోకి కారతాయి. ఆ కణాలు ఎక్కడికి చేరితే అక్కడ కూర్చుని మళ్లీ జిగురు తయారు చేస్తూనే ఉంటాయి. నెలలు, సంవత్సరాలు గడిచేసరికి పొట్ట నిండా లేత తాటిముంజె గుజ్జులాంటి పదార్థం పేరుకుంటుంది. సూదికి రాకపోవడానికి కారణం అదే. ముంజె గుజ్జును సన్నటి సూదితో లాగి చూడండి, వస్తుందేమో!

ఇది నెత్తుట్లో కలిసి ఊపిరితిత్తులకో, మెదడుకో పోవడం చాలా అరుదు. పొట్టలోనే ఉంటుంది. పొట్ట లోపలి గోడకూ, పేగులకూ, కాలేయానికీ అన్నింటికీ కలిపి ఒక పల్చటి, నున్నటి పొర కప్పి ఉంటుంది. దాని పేరు పెరిటోనియం. విప్పి పరిస్తే ఇంచుమించు మన ఒంటి చర్మమంత వైశాల్యం ఉంటుంది. ఆ పొర మీద కొద్దిపాటి ద్రవం ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. జిగురు కణాలు ఆ ప్రవాహంలో పడి పోతాయి.

కృష్ణా కాలువల పక్కన పుట్టి పెరిగినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. గుర్రపుడెక్క కాలువలో ఎక్కడ పేరుకుంటుంది? వంతెన తూముల దగ్గర, నీరు కదలని పల్లాల్లో. నీరు జోరుగా పారే చోట నిలవదు. పొట్టలోనూ అంతే. ద్రవం ఇంకిపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి కుడివైపు, కాలేయానికి పైన, డయాఫ్రం అడుగు భాగం. రెండోది మేక పొట్ట కోసినప్పుడు పేగుల మీద వలలా కనిపిస్తుందే, ఆ కొవ్వు పొర. దాన్ని ఒమెంటం అంటారు. జిగురు ఈ రెండు చోట్లా మేట వేస్తుంది. తర్వాత పల్లమైన కటి భాగంలో, ఆడవాళ్లకైతే గర్భసంచి వెనకాల, చేరుతుంది. నిరంతరం మెలికలు తిరుగుతూ కదిలే చిన్నపేగు మీద మాత్రం చాలాకాలం దాకా నిలవదు. ఆపరేషను చేసే డాక్టరుకు ఇది దేవుడిచ్చిన వరం. మిగతావి చాలావరకు తీసేసినా మనిషి బతుకుతాడు. చిన్నపేగు అంతా తీసేస్తే బతకడం కష్టం.

కేన్సరేనా?

ఈ జబ్బుకు ‘సూడోమిక్సోమా పెరిటోనై’ అని 1884లో పేరు పెట్టినవాడు వెర్త్ అనే జర్మన్ డాక్టరు. ఆయన దాన్ని అండాశయం కంతితో కలిసి చూశాడు. 1901లో ఫ్రాంకెల్ అనే డాక్టరు అపెండిక్స్‌తో సంబంధం చూపాడు. ఆడవాళ్లలో చాలామందికి అండాశయంలో గడ్డ ఉందనే ముందు తెలుస్తుంది, ఆపరేషనుకు వెళితే అసలు పుట్టిల్లు అపెండిక్స్ అని బయటపడుతుంది. ‘రోమన్ హాలిడే’ సినిమా నాయిక ఆడ్రే హెప్‌బర్న్ గుర్తుందా? ఆమెకు వచ్చింది ఈ కోవకు చెందిన జబ్బే. 1992 నవంబరులో లాస్ ఏంజిల్స్‌లో ఆపరేషను చేశారు. అప్పటికే అపెండిక్స్ నుంచి పొట్టంతా పాకి ఉంది. 1993 జనవరి 20న, 63వ ఏట కన్నుమూసింది. ఆమె కథ విని మీరు కుంగిపోనక్కర్లేదు. ఈ జబ్బు అందరిలో ఒకే వేగంతో పోదు. అప్పటికీ ఇప్పటికీ వైద్యంలోనూ చాలా తేడా వచ్చింది.

ఇందులో రకాలున్నాయి. రోగి భవిష్యత్తు ఎక్కువగా ఆ రకం మీదే ఆధారపడుతుంది. మైక్రోస్కోపు కింద కణాలు సాధువుగా కనిపించేది ఒకటి. దాన్ని ‘లో గ్రేడ్’ అంటారు. నెమ్మదిగా పెరుగుతుంది, అవయవాల లోపలికి తొలుచుకుపోదు, పైపైనే పరుచుకుని బరువుతో, ఒత్తిడితో ఇబ్బంది పెడుతుంది. రెండోది ‘హై గ్రేడ్’. ఇది నిజమైన కేన్సరు తీరులోనే ప్రవర్తిస్తుంది. మూడోది ‘సిగ్నెట్ రింగ్’ కణాలున్న రకం, అన్నిటికన్నా మొండిది. లో గ్రేడ్ రకాన్ని కేన్సరు అనాలా వద్దా అని డాక్టర్లే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఇంటివాళ్లకు కావలసింది ఆ వాదన కాదు. వదిలేస్తే ప్రాణం తీస్తుంది, సరైన చేతుల్లో పెడితే చాలామందికి ఏళ్ల తరబడి బతుకునిస్తుంది. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు.

అరుదైన జబ్బు. పదిలక్షల జనాభాకు ఏడాదికి ఒకరిద్దరని పాత లెక్క, ముగ్గురు దాకా అని ఈమధ్య లెక్క. 2011 జనాభా లెక్కల నాటికి కృష్ణా జిల్లాలో 45 లక్షల మంది ఉన్నారు. ఆ విదేశీ లెక్కనే మనకు వేసుకుంటే ఏడాదికి 5 నుంచి 14 మంది అన్నమాట. అంటే మీ ఊరి డాక్టరు తన సర్వీసు మొత్తంలో ఒక్క రోగినీ చూడకపోవచ్చు. అందుకే మొదట జలోదరమనో, టి.బి. అనో అనుకోవడం మామూలు. అది తెలిసి మీరు డాక్టరు మీద కోపం తెచ్చుకోకండి, కానీ రెండో అభిప్రాయానికి మొహమాటపడకండి.

బయాప్సీ కాగితం ఎక్కడుంది?

అపెండిక్స్ తీయించుకున్న ప్రతి ఇంటివాళ్లూ చదవాల్సిన ముక్క ఇది. తీసిన అపెండిక్స్‌ను సీసాలో వేసి మీ చేతికిస్తారు, లేదా పెథాలజీ లాబొరేటరీకి పంపామంటారు. నొప్పి తగ్గింది, కుట్లు విప్పారు, ఇంక ఆ సీసాతో ఏం పని అని చాలామంది వదిలేస్తారు. ఆ పరీక్షకయ్యే ఖర్చు ఆపరేషను బిల్లులో చాలా చిన్న వంతు. తీసిన అపెండిక్సులు నూరు పరీక్షిస్తే దాదాపు ఒకదానిలో ఏదో ఒక రకం కంతి కనిపిస్తుంది. అది మీది కాదని ఎవరు చెప్పగలరు? కనుక పరీక్ష చేయించండి, రిపోర్టు తెచ్చుకోండి, డాక్టరుకు చూపించండి. ఈ మూడు పనులూ జరగాలి. రిపోర్టు లాబొరేటరీ అలమరాలోనే పడి ఉంటే చేయించీ చేయించనట్టే.

అందులో ‘మ్యూకోసీల్’ అనో, ‘మ్యూసినస్ నియోప్లాజం’ అనో, ‘ఎల్.ఎ.ఎం.ఎన్.’ అనో, ‘గోబ్లెట్ సెల్’ అనో, ‘కార్సినాయిడ్’ అనో రాసి ఉంటే ఆ కాగితం తీసుకుని కేన్సరు సర్జను దగ్గరకు వెళ్లాలి. వెళ్లగానే పెద్ద ఆపరేషను అంటారని భయపడకండి. ఎల్.ఎ.ఎం.ఎన్. అపెండిక్స్ లోపలే ఉండి, చిట్లకుండా, శుభ్రంగా తీసేసి ఉంటే సాధారణంగా అంతటితో సరి. చిట్లి ఉంటే మాత్రం కొన్నేళ్లపాటు స్కానులతో కనిపెట్టుకుని ఉండాలి. కార్సినాయిడ్ వేరే జాతి. అది 1 సెంటీమీటరు లోపు ఉంటే అపెండిక్స్ తీయడమే చాలు. 2 సెంటీమీటర్లు దాటితే పెద్దపేగులో కుడి భాగం కూడా తీయవలసి రావచ్చు.

మన సోదరి ఇంట్లో మూడేళ్ల కిందటి ఆ కాగితం ఉందా? ఉత్తరంలో ఆ మాట లేదు. లేకపోయినా ఆశ వదులుకోవద్దు. లాబొరేటరీలో ముక్కను మైనపు దిమ్మలో పెట్టి దాచుతారు. వాళ్లు దాన్ని బ్లాకు అంటారు. ఆపరేషను తేదీ, రోగి పేరు చెప్పి అడిగితే చాలాచోట్ల దొరుకుతుంది. ఆ బ్లాకునూ, స్లయిడ్లనూ ఈ జబ్బు బాగా తెలిసిన పెథాలజిస్టుకు మళ్లీ చూపించడం మంచిది. లో గ్రేడా, హై గ్రేడా అన్నది ఆయన చెప్పే మాట మీదే తేలుతుంది.

ఇక అనుమానించవలసిన గుర్తులు. మనిషి చిక్కిపోతున్నా పొట్ట మాత్రం పెరగడం. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం. మగవాళ్లకు నడివయసులో కొత్తగా గజ్జల్లోనో, బొడ్డు దగ్గరో హెర్నియా కనిపించడం. హెర్నియా కోస్తే సంచిలోంచి జిగురు బయటకు రావడం. ఆడవాళ్లకు అండాశయంలో గడ్డ, ముఖ్యంగా కుడివైపు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే జబ్బని కాదు సుమా! వందలో తొంభైతొమ్మిది సార్లు మామూలు కారణమే ఉంటుంది. అయినా స్కానింగు తీసేవారికి పాత అపెండిక్స్ సంగతి చెప్పండి. పొట్టలోని నీరు మీరు పక్కకు తిరిగినప్పుడు కదలకుండా అక్కడే ఉంటే, కాలేయం అంచు నొక్కుకుపోయినట్టు కనిపిస్తే, వాళ్లు వెంటనే పసిగడతారు.

ఆపైన రంగు మందు ఎక్కించి సి.టి. స్కాను తీస్తారు. నెత్తుట్లో సి.ఇ.ఎ., సి.ఎ. 19-9, సి.ఎ. 125 అనే మూడు పరీక్షలు చేస్తారు. ఇవి జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్షలు కావు. ఎంత దూరం పోయింది, తర్వాత తిరగబెట్టిందా అన్నది చూడడానికి పనికొస్తాయి. పెద్దపేగు లోపల కూడా ఏమైనా ఉందేమోనని కొలనోస్కోపీ చేస్తారు.

మాడు గీకి, వేడినీళ్లు పొయ్యాలి

పాతరోజుల్లో ఏం చేసేవారంటే, పొట్ట కోసి చేతికందినంత జిగురు తోడి, కుట్టేసి పంపేవారు. రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ నిండేది. మళ్లీ కోసేవారు. ప్రతిసారీ పేగులు ఒకదానికొకటి అతుక్కుపోయి, మూడో సారికో నాలుగో సారికో కత్తి పెట్టడానికే చోటుండేది కాదు. ఇప్పటికీ అక్కడక్కడా ‘అప్పుడప్పుడూ తోడేద్దాం’ అనే సలహా వినిపిస్తుంది. పూర్తి ఆపరేషనుకు తగిన రోగి విషయంలో ఆ సలహా ఒప్పుకోకండి.

అమెరికాలో పాల్ షుగర్‌బేకర్ అనే సర్జను దారి మార్చాడు. జిగురు తోడితే లాభం లేదు, జిగురు పుట్టే కణాలు అంటుకున్న పొరనే ఒలిచెయ్యాలన్నాడు. ఆ పద్ధతిని 1995లో వివరంగా ప్రకటించాడు. అంతకుముందే, 1980లో లూయివిల్ నగరంలో జాన్ స్ప్రాట్, ఆయన సహచరులు ఈ జబ్బే ఉన్న ఒక రోగికి పొట్టలో వేడిచేసిన కేన్సరు మందు ప్రవహింపజేసి, ఆ సంగతి లోకానికి చెప్పారు. ఈ రెండూ కలిపిందే ఇవాళ ప్రపంచమంతా చేస్తున్న చికిత్స. మొదటి భాగం పేరు సైటోరిడక్షన్, రెండోదాని పేరు హైపెక్.

మొదటి భాగంలో రొమ్ము ఎముక కింది నుంచి పొత్తికడుపు దాకా కోస్తారు. పొట్ట గోడకున్న పొర, డయాఫ్రం కింది పొర, ఒమెంటం తీసేస్తారు. జబ్బు పాకిన దాన్నిబట్టి ప్లీహం, పిత్తాశయం, పెద్దపేగు కుడి భాగం, ఆడవాళ్లకు అండాశయాలు, గర్భసంచి కూడా తీయవలసి రావచ్చు. 8 నుంచి 10 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కంటికి ఏమీ మిగలకుండా తియ్యడమే లక్ష్యం. మిగిలితే రెండున్నర మిల్లీమీటర్లకన్నా చిన్నవే మిగలాలి.

అప్పుడు రెండో భాగం. మైటోమైసిన్ లాంటి మందును 41 నుంచి 43 సెంటీగ్రేడు డిగ్రీలకు, అంటే మన జ్వరం థర్మామీటరు లెక్కలో 106 నుంచి 109 డిగ్రీలకు వేడిచేసి, గంట, గంటన్నరపాటు పొట్టలో తిప్పుతారు. కంటికి కనిపించని కణాలను చంపడం దాని పని. మందు కొద్ది మిల్లీమీటర్ల లోతుకు మించి ఇంకదు. అడుగంటిన గిన్నెలో మాడు గీకకుండా వేడినీళ్లు పోస్తే ఏం లాభం? కనుక వేడిమందుకన్నా ముందు, సర్జను చేతిపనే అసలు వైద్యం. ‘మా దగ్గర హైపెక్ యంత్రం ఉంది’ అన్న ప్రకటన చూసి మోసపోకండి. యంత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు.

మన సోదరి బావగారి మాటలో కొంత నిజముంది, కొంత పొరపాటుంది. తెలియక పైపైన కోసి, సగం తీసి, కుట్టేస్తే గాయాల్లో కొత్తగా కణాలు నాటుకుంటాయి. ఆ భయం నిజం. అన్నీ ఆలోచించుకుని, పూర్తిగా తియ్యడానికే కోసే ఆపరేషను వేరు. దాన్ని వద్దంటే రోగికున్న పెద్ద ఆశను చేజేతులా పోగొట్టినట్టే.

ఫలితం ఎలా ఉంటుంది? 2012లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో 16 ప్రత్యేక కేంద్రాల్లో ఈ చికిత్స పొందిన 2,298 మంది వివరాలున్నాయి. 10 ఏళ్ల తర్వాత 63 శాతం, 15 ఏళ్ల తర్వాత 59 శాతం బతికి ఉంటారని అందులో లెక్క తేలింది. రెండో వైపు కూడా చెప్పాలి. నూటికి ఇద్దరు ఆపరేషను తాలూకు ఇబ్బందులతో చనిపోయారు. నలుగురిలో ఒకరికి దాదాపు పెద్ద చిక్కులే వచ్చాయి. అతికిన పేగు కారడం, నెత్తురు పోవడం, చీము పట్టడం, తెల్లకణాలు పడిపోవడం లాంటివి. ఇవన్నీ బాగా అనుభవమున్న చోట్ల, ఆపరేషనుకు తగినవారని ఎంచుకున్న రోగుల్లో వచ్చిన అంకెలు. హై గ్రేడ్ వాళ్లకు ఫలితం ఇంతకన్నా తక్కువ. ఈ లెక్కలు చూసి మీ మనిషికి ఇన్నేళ్లని రాసిపెట్టుకోకండి.

ఎక్కడికి వెళ్లాలి? డబ్బు సంగతేమిటి?

ఉయ్యూరు నుంచి బందరు రోడ్డు పట్టుకుంటే విజయవాడ గంట ప్రయాణం. సూర్యారావుపేటలో ఏ వీధికి వెళ్లినా డాక్టరు బోర్డులే. స్కానులు, రక్తపరీక్షలు, మొదటి సలహా అక్కడ బాగానే దొరుకుతాయి. మంగళగిరిలో ఎయిమ్స్ కూడా ఉంది. కానీ ఆపరేషను మాత్రం ఈ పనే తరచుగా చేసే జట్టు ఉన్నచోట జరగాలి. ముంబయి టాటా మెమోరియల్, దాని శాఖగా విశాఖపట్నంలో ఉన్న హోమీభాభా కేన్సర్ ఆస్పత్రి, హైదరాబాదులో 2000లో ప్రారంభమైన బసవతారకం ఆస్పత్రి - ఇలాంటి పెద్ద కేన్సరు ఆస్పత్రుల్లో ముందు సలహా అడగండి. తాము చెయ్యకపోతే ఎవరు చేస్తారో వాళ్లే చెబుతారు.

వెళ్లాక సర్జనును అడగడానికి సిగ్గుపడకండి. ‘అయ్యా, అపెండిక్స్ జిగురు జబ్బుకు మీరు ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు చేస్తారు? మావారి విషయంలో పూర్తిగా తీయగలమని అనిపిస్తోందా? పొట్ట మీద మలద్వారం పెట్టవలసి వస్తుందా, వస్తే ఎంతకాలం?’ అని అడగండి. మంచి డాక్టరు కోప్పడడు. పొట్టను 13 భాగాలుగా విభజించి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేసి, మొత్తం 39కి జబ్బు ఎంతుందో లెక్కకడతారు. ఆ అంకెను మీకు కూడా చెప్పమనండి. చిన్నపేగు మీద ఎంత ఉందో ప్రత్యేకంగా అడగండి. ఆపరేషను కుదురుతుందా లేదా అన్నది ఎక్కువగా అక్కడే తేలుతుంది.

అరెకరం సంగతి. తమ్ముడి ప్రేమ మెచ్చుకోదగ్గదే గాని, తొందర తగదు. లో గ్రేడ్ రకమైతే ఇది గంటల్లో తేల్చుకోవలసిన వ్యవహారం కాదు. పేగు మూసుకుపోతే తప్ప, సరైన డాక్టరును వెతుక్కోవడానికి కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. హై గ్రేడ్ అని రిపోర్టు వస్తే మాత్రం నెలల తరబడి తిరగవద్దు. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లేముందు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరకు వెళ్లండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఈ ఆపరేషను ఏ పద్దు కింద వస్తుంది, ఎంత వరకు ఇస్తారు, వేడిమందు ఖర్చు అందులో కలుస్తుందా, విడిగా కట్టాలా - ఇవి నోటిమాటగా కాక కాగితం మీద రాయించుకోండి. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టడానికి ఆస్పత్రివారి అంచనా కాగితం కావాలి. ఇవన్నీ చూసుకున్నాక కూడా లోటు ఉంటే అప్పుడు పొలం మాట ఆలోచించండి.

ఆపరేషనుకు ముందు ఇంట్లో చేయవలసిన పనులున్నాయి. చుట్ట, బీడీ, ఖైనీ ఏది ఉన్నా ఆ రోజే మానాలి. గుడ్డు, పప్పు, పాలు, చేప లాంటి బలమైన ఆహారం కొద్దికొద్దిగా రోజుకు ఆరుసార్లు పెట్టండి. ఒకేసారి పెద్ద కంచం పెడితే తినలేక విసుక్కుంటారు. ఊపిరితిత్తుల కోసం మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు, దాన్ని శ్రద్ధగా పీల్చాలి. ప్లీహం తీసే అవకాశముంటే న్యుమోకాకస్, మెనింజోకాకస్, హెచ్.ఐ.బి. టీకాలు వీలైతే రెండు వారాల ముందే వేయించాలి. మరచిపోతే ఆపరేషను తర్వాతైనా వేయించాలి. పిల్లలు కావలసిన వయసులో ఉన్న స్త్రీ అయితే అండాశయాల విషయం ఆపరేషనుకు ముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని డాక్టరుతో మాట్లాడుకోవాలి. తర్వాత ఏడిస్తే రాదు.

ఆస్పత్రిలో రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఇంటికొచ్చాక పూర్తిగా కోలుకోవడానికి మూడు నెలల నుంచి ఆరు నెలలు. ఆ రోజుల్లో మనిషి ఊరికే చిరాకుపడతాడు, అన్నం సయించదు, నిద్ర పట్టదు. అది జబ్బు తిరగబెట్టడం కాదు.

ఆపరేషను కుదరదంటే?

కొందరికి కుదరదు. చిన్నపేగంతా పట్టేసి ఉండవచ్చు, గుండె బలహీనంగా ఉండవచ్చు, వయసు మీరి ఉండవచ్చు. అంతమాత్రాన ఇంటికి తీసుకుపొమ్మని అర్థం కాదు. హై గ్రేడ్ రకానికి నరంలోకి ఎక్కించే మందులు కొంత పనిచేస్తాయి. లో గ్రేడ్‌కు అవి అంతగా పనిచెయ్యవు, అంచేత ఎవరైనా పది ఇంజక్షన్లు రాస్తే ఏ గ్రేడని రాస్తున్నారో అడగండి. పొట్ట మరీ బరువెక్కితే ఉపశమనం కోసం కొంతమేరకు తీస్తారు. ఇది ఇందాక వద్దన్నదే కదా అంటారేమో! పూర్తి ఆపరేషనుకు వీలున్నవారికి వద్దన్నాను. వీలు లేనివారికి అదే ఊరట. జబ్బు కొద్దిగా ఉండి, రోగి పెద్దవాడై, ఏ బాధా లేకపోతే కొన్నాళ్లు స్కానులతో చూస్తూ ఉండడం కూడా వైద్యమే.

ఇలాంటివారికి పేగు ఇరుకవుతూ ఉంటుంది. కనుక పీచు ఎక్కువగా ఉన్న తేగలు, చెరకు ముక్కలు, పనసతొనలు, మొక్కజొన్నపొత్తులు మాన్పించండి. మెత్తగా ఉడికిన అన్నం, పలుచని పప్పు, మజ్జిగ, ఇడ్లీ సుఖంగా దిగుతాయి. ఆకుపచ్చటి వాంతులు అవుతూ, గాలి కూడా పోకుండా, పొట్ట బిగుసుకుపోయి మెలిపెడుతుంటే ఆముదం తాగించవద్దు, ఎనీమా ఇవ్వవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అనాసపండు తింటే జిగురు కరుగుతుందని ఎవరో చెప్పారని ఇంతకుముందు ఒకరిద్దరు రాశారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్లు అనాస నుంచి తీసిన బ్రోమెలైన్ అనే పదార్థాన్ని ఇంకొక మందుతో కలిపి నేరుగా జిగురులోకి ఎక్కించి పరీక్షలు చేశారు. అది పరిశోధనలో ఉన్న మందు. పండు తింటే అది పొట్టలో అరిగిపోతుంది, పేగు బయట ఉన్న జిగురు దాకా పోదు. ఇష్టమైతే రెండు ముక్కలు తిననివ్వండి, వైద్యం మానకండి.

ఆపరేషను బాగా జరిగినవారికి కూడా ఆస్పత్రి పద్ధతినిబట్టి ఆరు నెలలకోసారో, ఏడాదికోసారో సి.టి. స్కాను, ఆ మూడు రక్తపరీక్షలు ఉంటాయి. చాలా ఏళ్లు చేయించాలి. ఒంట్లో బాగానే ఉంది కదా అని మూడో ఏడు మానేసేవాళ్లే ఎక్కువ. దాదాపు నలుగురిలో ఒకరికి జబ్బు తిరగబెడుతుంది. ముందుగా పట్టుకుంటే కొందరికి రెండోసారి కూడా ఆపరేషను చేయడానికి వీలుంటుంది. ప్రతి స్కానుతోపాటు ఇచ్చే సి.డి.ని, పాతవాటితో కలిపి ఒకే సంచిలో పెట్టి, వెళ్లిన ప్రతిసారీ తీసుకెళ్లండి. కుడి కాలేయం పక్కన కనిపించే చిన్న మచ్చ కొత్తదా, ఆపరేషను నాటి గాటా అన్నది పాత స్కాను పక్కన పెట్టి చూస్తేనే రేడియాలజిస్టుకు తెలుస్తుంది.